విజయవాడ నుంచి ఐరోపా రైళ్లు: స్టేషన్ కెమెరాల్లో ఏవి చూడదగినవి

మా నాన్నగారు విజయవాడ డివిజన్‌లో గూడ్సు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మోకాళ్లు సహకరించినన్నాళ్లు సాయంత్రం పూట స్టేషన్‌కు వెళ్లి, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద గంటసేపు కూర్చుని రావడం ఆయన అలవాటు. కాలివంతెన మెట్లు ఎక్కడం కష్టమయ్యాక ఆ అలవాటు ఆగిపోయింది. రెండేళ్ల కిందట మా హాల్లోని టీవీలో ఐరోపా రైల్వే స్టేషన్ల ప్రత్యక్ష కెమెరాలు పెట్టి ఆయనకు చూపించడం మొదలుపెట్టాను. అప్పటినుంచి బ్రిటన్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ దేశాల కెమెరాలు ఇద్దరం కలిసి చాలానే చూశాం. వాటిలో ఏవి మా ఇంట్లో నిలిచాయో, ఏవి వారం తిరగకుండానే విసుగు పుట్టించాయో, అందుకు కారణాలేమిటో చెబితే రైళ్ల మీద మమకారం ఉన్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట మేం ఎంచుకున్నవన్నీ అందమైన చోట్లు. ఉత్తర ఇంగ్లండ్‌లోని రిబుల్‌హెడ్ దగ్గరి కెమెరా అలాంటిది. 1870లలో కట్టిన 24 కమానుల రాతి వంతెన, దాని చుట్టూ చెట్టూ చేమా లేని కొండలు, క్షణానికోలా మారే మబ్బులు చూసి తొలిరోజు కళ్లు తిప్పుకోలేకపోయాం. ఆ మార్గాన్ని మూసివేయాలని 1980లలో తలపెట్టారు. ప్రజలు ఏళ్ల తరబడి పోరాడాక 1989లో ఆ ఆలోచన విరమించుకున్నారు. 1985 నుంచి వంతెన మీద ఒకే లైను ఉంది కాబట్టి ఒక బండి దాటేదాకా ఎదురుబండి ఆగవలసిందే. ఈ సంగతి తెలిశాక నాన్నగారికి కాస్త ఆసక్తి కలిగిన మాట నిజమే. అయినా బళ్లు అరుదుగా నడిచే మార్గం కావడంతో మా సాయంత్రాలు ఎక్కువ భాగం గొర్రెలను, మబ్బులను చూడడంతోనే గడిచిపోయేవి. దృశ్యం కోసం చూసేవారికి ఆ కెమెరా చాలా బాగుంటుంది. రైళ్ల నడక కోసం చూసేవారు మాత్రం జంక్షన్‌కే వెళ్లాలి.

ఆ విధంగా క్రూ చేరుకున్నాం. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో 1837లో మొదలైన స్టేషన్ అది. లండన్ వైపు, ప్రెస్టన్ మీదుగా స్కాట్లండ్ వైపు, మాంచెస్టర్, చెస్టర్, ష్రూస్‌బరీ, స్టోక్ వైపులకు ఆరు మార్గాలు అక్కడ కలుస్తాయి. విశాఖ, గుడివాడ, గూడూరు, గుంటూరు, కాజీపేట దారులు కలిసే ఊళ్లో పుట్టి పెరిగిన మాకు ఆ స్టేషన్ స్వభావం వివరించి చెప్పవలసిన అవసరం లేకపోయింది. ప్లాట్‌ఫారాలు మనకు 10, వాళ్లకు 12. బ్రిటన్‌లో బళ్లు మనలాగే ఎడమ లైను మీద నడుస్తాయి. రంగు దీపాల సిగ్నళ్లు కూడా మనలాగే ఎరుపు, పసుపు, జంట పసుపు, ఆకుపచ్చ అన్న క్రమంలోనే ఉంటాయి. అందువల్ల నాన్నగారు మొదటి పది నిమిషాల్లోనే ఆ యార్డును చదవడం మొదలుపెట్టారు. బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే ఏ పాయింటు ఎటు పడిందో, ఏ బండిని దేనికోసం ఆపారో ఆయన చెబుతుంటే, ఇన్నేళ్లూ నేను బళ్లను చూశానే తప్ప వాటి నడకను చూడలేదని నాకు అర్థమైంది.

ఆయన్ను మొదట ఇబ్బంది పెట్టింది గూడ్సు బండి తోక. "ఏరా, దీనికి బ్రేక్‌వ్యాన్ ఏది? గార్డు ఎక్కడ కూర్చుంటాడు?" అని అడిగారు. బ్రిటన్ గూడ్సు బళ్లకు చివర మిణుకుమనే ఎర్రదీపం ఒక్కటే ఉంటుందని, మిగతా ఐరోపాలో చాలాచోట్ల ఎరుపు తెలుపు పలకలతోనే సరిపెడతారని, గార్డు లేకుండానే అవి నడుస్తాయని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు ఆ చివరి పెట్టెలోనే ఎండకూ వానకూ కూర్చుని, ఒంటరిగా రాత్రులు గడిపిన మనిషికి అది చిన్న విషయం కాదు. మన రైల్వేలోనూ గార్డు స్థానంలో బండి తోకకు యంత్రం అమర్చే ప్రయత్నాలు జరుగుతున్నాయని ఆయనకు తెలుసు. ఆ యంత్రం వచ్చాక బండి చివర ఎలా ఉంటుందో క్రూ కెమెరాలో ఆయన ముందుగానే చూశారు. బళ్ల పొడవు కూడా ఆయనకు ఆశ్చర్యమే కలిగించింది. జర్మనీలో గూడ్సు బండికి సాధారణ గరిష్ఠ పరిమితి 740 మీటర్లు. మన దక్షిణ మధ్య రైల్వే 2021 అక్టోబరులో కొండపల్లి నుంచి ఖుర్దా వైపు మూడు గూడ్సులను కలిపి 177 వ్యాగన్లతో 'త్రిశూల్' పేరిట నడిపిన బండి పొడవులో అది సగం కూడా ఉండదు.

కెమెరాను ఎంచుకునేటప్పుడు బొమ్మ స్పష్టత కన్నా ధ్వని ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. చాలా కెమెరాలకు మైకు ఉండదు. కొన్నిటికి ఉన్నా గాలి హోరు తప్ప మరేమీ వినబడదు. ధ్వని సరిగా ఉన్న కెమెరాలో బండి కనబడక ముందే దాని జాతి తెలిసిపోతుంది. బ్రిటన్‌లో గూడ్సులను ఎక్కువగా లాగే క్లాస్ 66 డీజిల్ ఇంజను 1998 నుంచి అక్కడి పట్టాల మీద తిరుగుతోంది. అందులోని యంత్రం అమెరికన్ ఈఎండీ వారి 710 శ్రేణికి చెందిన రెండు స్ట్రోకుల డీజిల్. మన గూడ్సు డీజిల్ ఇంజను డబ్ల్యూడీజీ-4లో ఉన్నదీ ఆ శ్రేణి యంత్రమే. దానికి పన్నెండు సిలిండర్లు, మనదానికి పదహారు. తెర మీద ఏమీ లేని సమయంలో దూరం నుంచి ఆ గుబగుబలు వినిపించగానే నాన్నగారు కుర్చీలో ముందుకు వంగుతారు. మన ప్రధాన మార్గాలన్నీ విద్యుదీకరణ అయిపోయి డీజిల్ చప్పుడు అరుదైన ఈ రోజుల్లో ఆ సంతోషం మాకు ఇంగ్లండ్ నుంచి వస్తోంది.

బ్రిటన్ కెమెరాలకు మరొక బలం సమాచారం. అక్కడ ప్రతి బండికీ నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి అంకె 1 అయితే ఎక్స్‌ప్రెస్, 2 అయితే మామూలు ప్యాసింజరు, 5 అయితే ఖాళీ పెట్టెలు, 0 అయితే ఒంటరి ఇంజను. 4 ఉంటే గంటకు 75 మైళ్ల వేగంతో, 6 ఉంటే 60 మైళ్ల వేగంతో నడవగల గూడ్సు. రైల్వే వారు బహిరంగంగా అందించే సమాచారం ఆధారంగా నడిచే రియల్‌టైమ్ ట్రెయిన్స్ అనే ఉచిత వెబ్‌సైటును ఫోన్‌లో తెరిచి పెట్టుకుంటే, వచ్చే గూడ్సు ఎక్కడ బయలుదేరిందో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో, ఏ ప్లాట్‌ఫారం మీదుగా వెళ్తుందో కూడా తెలుస్తుంది. మన ఎన్‌టీఈఎస్ యాప్ ప్యాసింజరు బళ్ల సంగతి చక్కగా చెబుతుంది గానీ గూడ్సుల జోలికి పోదు. టీవీలో క్రూ, చేతిలో ఈ వెబ్‌సైటు ఉన్న గంటే మా ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైన గంట.

నెదర్లాండ్స్ కెమెరాలు వేరే రుచి. అక్కడ బళ్లు కుడి లైను మీద నడుస్తాయి కాబట్టి మొదటి వారం ప్రతి బండీ ఎదురులైనులో దూసుకొస్తున్నట్టే అనిపించింది. 1970లో వాళ్లు టైంటేబులును మూలమట్టంగా మార్చి, బళ్లన్నీ ప్రతి గంటా అవే నిమిషాలకు నడిచేలా అమర్చారు. ఒకే జంక్షన్‌ను గంటన్నర చూస్తే ఈ లయ కంటికి అందుతుంది. పసుపు నీలం రంగుల రెండంతస్తుల ఇంటర్‌సిటీ ఏ నిమిషానికి ఒక మూల నుంచి వచ్చిందో, అరగంట తరువాత దాని తోబుట్టువు అక్కడి నుంచే, అంతే సమయానికి వస్తుంది. దిశ మారవలసిన చోట డ్రైవరు ఒక చివర దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచి, రెండో చివర ఎక్కితే సరిపోతుంది. విశాఖ నుంచి వచ్చిన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు విజయవాడలో ఒక వైపు ఇంజను విప్పి రెండో వైపు తగిలించడం చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసిన నాకు అక్కడ ఏదో ఒక ఘట్టం తగ్గిపోయినట్టు అనిపించింది. సమయం కలిసి వస్తుందని మాత్రం ఒప్పుకోవాలి.

డచ్ గూడ్సుల్లో ఎక్కువ భాగం జర్మనీ సరిహద్దు దాటేవే. డచ్ తీగల్లో ప్రధానంగా 1,500 వోల్టుల డీసీ, జర్మన్ తీగల్లో 15,000 వోల్టుల ఏసీ ఉంటాయి. అందుకే రెండు మూడు రకాల కరెంటుతో నడవగల వెక్ట్రాన్, ట్రాక్స్ ఇంజన్లు అక్కడ కనబడతాయి. రోటర్‌డామ్ రేవు నుంచి సరిహద్దు దాకా గూడ్సుల కోసమే 2007లో తెరిచిన ప్రత్యేక మార్గం ఒకటుంది. దానిమీద మరమ్మతులు జరిగేటప్పుడు ఆ బళ్లను దక్షిణాన ఉన్న వెన్లో మీదుగా మళ్లిస్తారు. అలాంటి రోజుల్లో దక్షిణ నెదర్లాండ్స్ కెమెరాలు తప్పక చూడాలి.

స్విస్ కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో చాలావరకు కొండలను చూపడానికి పెట్టినవి, రైలు వాటిలో అతిథి. రెండు విషయాల కోసం మాత్రం చూడండి. ఒకటి ప్లాట్‌ఫారం గడియారం. 1944లో హాన్స్ హిల్ఫికర్ రూపొందించిన ఆ గడియారానికి తరువాత చేర్చిన ఎర్ర సెకన్ల ముల్లు సుమారు 58.5 సెకన్లలో చుట్టు పూర్తిచేసి, పైన క్షణం ఆగి, నిమిషపు ముల్లు కదలగానే మళ్లీ బయలుదేరుతుంది. రెండోది ఎర్రటి ఆర్‌ఈ 460 ఇంజను. 1995లో స్విట్జర్లాండ్ నుంచి మనకు వచ్చిన డబ్ల్యూఏపీ-5 విద్యుత్ ఇంజన్లకు మూలం ఆ కుటుంబమే.

డాలిష్ సంగతి వేరు. నైరుతి ఇంగ్లండ్‌లో సముద్రాన్ని ఆనుకున్న గోడ మీద నడిచే ఆ మార్గం 2014 ఫిబ్రవరి తుపానులో సుమారు 80 మీటర్ల మేర గోడ కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడిన చోటు. రెండు నెలలకే, ఏప్రిల్ 4న, మళ్లీ బళ్లు నడిపారు. కొత్త ఎత్తైన గోడ నిర్మాణం 2023లో పూర్తయింది. పోటు సమయం చూసుకుని ఈ కెమెరా తెరవాలి. అలలు ఎగిసిపడే రోజున వోయేజర్ రకం బళ్లను ఆ దారిన ఆపేస్తుంటారు, ఎందుకంటే వాటి బ్రేకులకు సంబంధించిన విద్యుత్ పరికరాలు పైకప్పు మీద ఉండి ఉప్పునీరు పడితే పాడవుతాయి. అందమైన చోటే అయినా అక్కడ రైలూ సముద్రమూ నిత్యం తలపడుతుంటాయి కాబట్టి ఈ ఒక్కదాన్ని నేను జంక్షన్ల సరసన చేరుస్తాను.

ఇక సమయాలు. వేసవిలో బ్రిటన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, శీతాకాలంలో ఐదున్నర గంటలు. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ రెండూ వేసవిలో మూడున్నర, శీతాకాలంలో నాలుగున్నర గంటలు. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు. మన మధ్యాహ్న భోజనం వేళకు క్రూలో ఆఫీసుకు వెళ్లేవారి రద్దీ ఉంటుంది. డిసెంబరులో మన రాత్రి తొమ్మిదిన్నరకే అక్కడ చీకటి పడిపోతుంది, జూన్‌లో మన అర్ధరాత్రి దాటినా వెలుతురుంటుంది. పగలు ప్యాసింజరు బళ్లతో లైన్లు నిండి ఉండడం వల్ల గూడ్సులకు రాత్రి దారి దొరుకుతుంది. ఆ రాత్రి మనకు తెల్లవారుజాము కావడం పెందలాడే లేచేవారి అదృష్టం.

లోపాలూ చెప్పాలి. ఉచిత కెమెరాలు చెప్పాపెట్టకుండా రోజుల తరబడి ఆగిపోతాయి. అద్దం మీద వాన చుక్కలు పడితే ఎండేదాకా అంతే. కొన్నిటిలో ఎవరో దూరం నుంచి కెమెరాను తిప్పుతూ, దగ్గరకు లాగుతూ ఉంటారు. బండిని వెంబడించే ఆ కెమెరాల్లో సిగ్నల్ ఎప్పుడు మారిందో కనబడదు, అందుకే కదలకుండా విశాలంగా చూపేవే మాకిష్టం. ఒక చందా సేవలో చేరితే రెండో నెల నా కార్డు చెల్లింపు ఆగిపోయింది. కారణం అడుగుతూ రాసిన ఉత్తరానికి తొమ్మిది రోజుల తరువాత జవాబొచ్చింది. సేవ బాగుంది కాబట్టి మళ్లీ చేరాను గానీ, కొత్తవారు ఒక నెలకే చందా కట్టి చూడడం మంచిది. డేటా విషయానికొస్తే, పూర్తి స్పష్టతతో గంటకు స్థూలంగా 1.5 నుంచి 3 జీబీ ఖర్చవుతుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే బెంగ లేదు, ఫోన్ డేటాతో అయితే స్పష్టత తగ్గించుకోండి. యూట్యూబ్‌లో వచ్చే చాలా ప్రసారాలను కొన్ని గంటలు వెనక్కి జరుపుకోవచ్చు. తప్పిపోయిన బండిని వెతుక్కోవడానికి అది చాలు.

మా ఇంట్లో ఇప్పుడు ఉదయం ఐదున్నరకు టీవీలో క్రూ ఉంటుంది. చలికాలంలో అప్పుడక్కడ సరిగ్గా అర్ధరాత్రి. అమ్మ కాఫీ తెచ్చేలోపు కంటైనర్ల బండి ఒకటి దాటుతుంది. నాన్నగారు వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ చివరి ఎర్రదీపం కెమెరా దాటిపోయేదాకా ఆగి, అప్పుడు కాఫీ గ్లాసు అందుకుంటారు.