పాత ఫుట్‌బాల్ క్లబ్ రికార్డులకు ఏ స్కానర్: ఎప్సన్ వి600, కానన్ లైడ్ 400

సముద్రం పక్కన చిన్న ఊళ్ళో నడిచిన అమెచ్యూర్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర చాలావరకు ఓ పాత బీరువాలోనే ఉంటుంది. ఉప్పుగాలికి ఉబ్బిన మినిట్స్ పుస్తకాలు (సమావేశాల్లో జరిగింది రాసుకున్నవి), తుప్పు పిన్నులు కొట్టిన మ్యాచ్ షీట్లు, ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన గ్రూప్ ఫోటోలు, ఎవరూ ప్రింటు వేయించని నెగటివ్‌లు. చదునుగా ఉన్న కాగితం వీటిలో తక్కువ. స్కానర్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అదే, డబ్బా మీద అచ్చేసిన డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) కాదు.

కానన్ లైడ్ 400 పలుచగా ఉంటుంది, బరువు 1.7 కిలోలు. యూఎస్‌బీ తీగ ఒక్కటి చాలు, వేరే కరెంటు అక్కర్లేదు. 300 డీపీఐలో ఏ4 పేజీకి 8 సెకన్లు పడుతుందని కంపెనీ లెక్క. విడి కాగితాలకు, ఫిక్స్చర్ కార్డులకు, చందా రసీదులకు ఇది బంగారం. చిక్కల్లా ఇందులోని సీఐఎస్ సెన్సర్‌తోనే. కాగితం గాజుకు ఆనుకుంటేనే అక్షరం స్పష్టంగా పడుతుంది, కొద్ది మిల్లీమీటర్లు లేచినా మసకబారుతుంది. కుట్టిన మినిట్స్ పుస్తకం మధ్య మడతలో ఆఖరి రెండు మాటలు పోయేది ఇందుకే. పుస్తకాన్ని గట్టిగా నొక్కితే మాటలు వస్తాయేమో గానీ కుట్టు తెగుతుంది.

ఎప్సన్ వి600 2009 నాటి మోడల్. లావుగా ఉంటుంది, టేబుల్ మీద సగం చోటు ఆక్రమిస్తుంది, అడాప్టర్ కూడా కావాలి. కానీ ఇందులో ఉన్నది సీసీడీ సెన్సర్. గాజుకు కాస్త ఎత్తులో ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది. వంగిన ఫోటో, గుడ్డ మీద కుట్టిన క్లబ్ బ్యాడ్జి, అద్దానికి అతుక్కున్న ప్రింటు, అన్నీ పనికొచ్చేలా వస్తాయి. అతుక్కున్న ఫోటోను ఊడబీకకండి. పైపొర అద్దం మీదే ఉండిపోతుంది, ముఖాలూ దాంతోనే పోతాయి. ఫ్రేము తీసేసి, అద్దంతో సహా మెల్లగా బోర్లించి స్కాన్ చేయాలి.

నెగటివ్‌ల దగ్గర పోటీయే లేదు. లైడ్ 400 మూతలో ఫిల్ము వెనక నుంచి వెలుగిచ్చే దీపం లేదు కాబట్టి ఫిల్ము అసలు చేయదు. వి600 35 ఎంఎం ఫిల్మూ చేస్తుంది, అంతకంటే వెడల్పైన 120 రకం ఫిల్మూ చేస్తుంది. పాత గాజు పలకల నెగటివ్‌లను మాత్రం దీంతో ఆశించవద్దు, మూతలోని వెలుగు పట్టీ వాటి వెడల్పుకు చాలదు. వాటిని వెలుగు పలక మీద పెట్టి కెమెరాతో తీయాలి.

వి600తో కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు, మూత లోపలి తెల్ల మ్యాట్ తీయకుండా ఫిల్ము పెట్టడం. దీపం దాని వెనకే ఉంది, మ్యాట్ ఉంటే బొమ్మ రాదు. దుమ్ము మచ్చలు చెరిపే డిజిటల్ ఐస్ కలర్ ఫిల్ముకు బాగుంటుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు దాన్ని ఆపేయాలి. ఫిల్ములోని వెండి పరారుణ కాంతిని అడ్డుకుంటుంది, దాంతో సాఫ్ట్‌వేర్ బొమ్మనే దుమ్ముగా లెక్కేసి ఆటగాళ్ళ మొహాలను అలికేస్తుంది.

డబ్బా మీద 6400 డీపీఐ అని ఉంటుంది. నమ్మనక్కర్లేదు. 35 ఎంఎం ఫిల్ముకు 3200 దాటితే ఫైలు బరువెక్కుతుందే తప్ప వివరం పెరగదు. మినిట్స్ పేజీకి 300, పోస్టుకార్డు సైజు ఫోటోకు 600 సరిపోతాయి. 600లో తీసిన 4x6 అంగుళాల ఫోటో, కుదించని టిఫ్ ఫైలుగా దాస్తే సుమారు 26 ఎంబీ. 1200కు పెడితే నాలుగింతలు.

జట్టు గ్రూప్ ఫోటోలు 10x12 అంగుళాలవి చాలా ఉంటాయి. రెండు స్కానర్ల గాజూ దాదాపు ఏ4 అంతే. రెండు ముక్కలుగా, పావు వంతు ఒకదానిమీదొకటి వచ్చేలా తీసి కలపాలి. అంతకుముందు ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్, రంగు సవరణ రెండూ ఆపేయాలి. లేకపోతే గోల్‌కీపరు దగ్గర అతుకు చార కనిపిస్తుంది. పేపర్ కటింగ్‌లకు సాఫ్ట్‌వేర్‌లో డీస్క్రీన్ అనే సెట్టింగ్ పెట్టాలి, లేదంటే అచ్చు చుక్కలు అలల్లా వస్తాయి. వెనక పేజీ అక్షరాలు తొంగిచూస్తే పైన నల్ల కాగితం కప్పితే చాలు.

స్కానర్ ఏదైనా చేయలేని పని ఒకటుంది, ఫోటో ఏ ఏటిదో చెప్పడం. నెగటివ్ తిరగబడి పడిందేమో ముందు చూడాలి. చొక్కా బొత్తాల పట్టీ ఎడమ వైపుది పైన ఉండాలి, మగవాళ్ళ చొక్కాలకు అదే రివాజు. తర్వాత మైదానం గీతలు చూడాలి. పెనాల్టీ పెట్టె అంచున ఉండే వంపు గీత 1937లో వచ్చింది. అది ఉంటే ఫోటో అంతకు ముందుది కాదు. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, చిన్న క్లబ్బుల వాళ్ళు సున్నం మిగుల్చుకోవడానికి గీతలు ఎగ్గొడతారు. రిఫరీ చేతిలో కార్డు ఉంటే 1970 ప్రపంచ కప్ తర్వాతి కాలం. మినిట్స్‌లో ఆఫ్‌సైడ్ గొడవ చదివేటప్పుడు 1925 గుర్తుండాలి. ఆఫ్‌సైడ్ కాకుండా ఉండాలంటే అంతవరకు ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, ఆ ఏడు నుంచి ఇద్దరు. రైట్ హాఫ్, ఇన్‌సైడ్ లెఫ్ట్ అని ఆటగాళ్ళ స్థానాల పాత పేర్లు రాసి ఉంటే అలాగే ఎక్కించండి, ఇప్పటి పేర్లలోకి మార్చవద్దు.

బూజు పట్టిన పుస్తకాన్ని నేరుగా గాజు మీద పెట్టకూడదు. గాలి ఆడే నీడలో ఆరబెట్టి, మాస్కు కట్టుకుని, మెత్తని కుంచెతో ఆరుబయట దులపాలి. గాజు మీద ద్రవం చల్లకూడదు, గుడ్డ తడిపి తుడవాలి, అంచుల్లోంచి దిగితే లోపల మసక పడుతుంది. వాడనప్పుడు స్కానర్ మీద గుడ్డ కప్పి ఉంచండి. ఉప్పు పేరుకున్న చోటే చెమ్మ చేరుతుంది.

పెట్టెలో ఒక్క నెగటివ్ కవరు ఉన్నా వి600 తీసుకోండి. విడి కాగితాలే అయితే లైడ్ 400 చాలు. మినిట్స్ పుస్తకాలు మరీ లావుగా ఉండి పూర్తిగా తెరుచుకోకపోతే రెండూ వద్దు. స్టాండుకు బిగించిన కెమెరాతో పై నుంచి తీయడమే మేలు, పుస్తకాన్ని 100 డిగ్రీలకు మించి తెరవకుండా.