కూరగాయల స్లైసర్‌కు ఏ చెక్క మేలు? విశాఖ తేమలో టేకు, పనస, మామిడి

మా వంటింట్లో నేను చేసుకున్న చెక్క స్లైసర్ మీద అరటికాయ తరుగుతుంటే చూసినవారందరూ ఒకటే అడుగుతున్నారు: ఏ చెక్క వాడారు? తయారీ కష్టమేమీ కాదు. వడ్రంగి చిత్రికను వెల్లకిలా తిప్పితే అదే స్లైసర్. చెక్క విషయంలో మాత్రం సముద్రం పక్కనున్న ఊరివాళ్లం మరికాస్త ఆలోచించాలి.

నా మొదటి స్లైసర్ మామిడి చెక్కది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు కూలిన చెట్టు పలక అది. అన్నేళ్లు నీడలో ఆరింది కదా, ఇక కదలదనుకున్నాను. వేసవిలో చక్కగా పనిచేసింది. ఆషాఢంలో వానలు మొదలయ్యాక ముక్క అంచులు కాగితంలా, నడుమ మందంగా రావడం మొదలైంది. నూనెలో వేస్తే అంచులు మాడేవి, నడుమ మెత్తగానే ఉండేది. కత్తి మార్చాను, మరలు బిగించాను, ఫలితం లేదు. చివరికి ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించి చూస్తే పలక నడుమ పల్లం పడి ఉంది, అర మిల్లీమీటరు లోతున. చిప్స్ ముక్క మందమే ఒకటిన్నర మిల్లీమీటర్లయితే, అర మిల్లీమీటరు తేడా అంటే మూడో వంతు!

నా దృష్టిలో అసలు కీలకం ఇదే. తేమకు చెక్క నార పొడవున దాదాపు కదలదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కూడా అన్ని వైపులా సమానం కాదు. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వలయాల (కాండాన్ని అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి గీతల) వెంబడి సుమారు 5 శాతం కుంచించుకుపోతే, వలయాలకు అడ్డంగా, అంటే కాండం నడిబొడ్డు నుంచి బెరడు వైపు, అందులో సగమే. కాబట్టి పలక కొనేటప్పుడు ముందు దాని కొసను చూడండి. వలయాలు నెలవంకల్లా కనిపిస్తే ఆ పలక వంపు తిరుగుతుంది. నిలువు గీతల్లా ఉంటే కాస్త ఉబ్బినా చదునుగానే ఉంటుంది. నా మామిడి పలక నిండా నెలవంకలే. ఎంత కాలం ఆరిందన్నది ఒక్కటే చాలదు, ఎలా కోశారన్నది అంతకంటే ముఖ్యం.

ఇప్పుడు వాడుతున్నది పాత టేకు. వన్‌టౌన్‌లో కూల్చిన ఒక పెంకుటింటి ద్వారబంధం ముక్క. ఈ ఊరి గాలిలోనే దశాబ్దాలు నిలిచిన చేవ అది. సహజంగా నూనె ఉన్న చెక్క కనుక కడిగినా నీరు త్వరగా ఇంకదు. అయితే టేకులోని ఇసుక గుణం ఉలి పదును తినేస్తుంది, పని మధ్యలో రెండు మూడుసార్లు సానపెట్టుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, దాన్ని పూర్తిగా తీసేసి, విరిగి లోపల మిగిలిన మేకులు వెతికాకే చిత్రిక పట్టండి.

పనస కూడా నాకు ఇష్టమే. బొబ్బిలి వీణలు చెక్కేది దీనితోనే. టేకు కంటే ఉలికి సులువుగా లొంగుతుంది. మొదటి కొన్నాళ్లు తడిగుడ్డతో తుడిస్తే పసుపు అంటుతుంది, అంతే. మంచి టేకు దొరకనివారు సందేహించకుండా పనస తీసుకోవచ్చు.

వేప నార మెలికలు తిరిగి ఉంటుంది, చిత్రిక పడితే పీచు లేస్తుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు చెక్క ఈ పనికి మరీ మెత్తన. ప్లైవుడ్ వంగదు కానీ రోజూ కడిగే వస్తువుకు దాని అంచులు నిలవవు.

ఏ చెక్కయినా కత్తి, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. మామూలు ఇనుము మన ఉప్పుగాలికి తుప్పు పట్టడమే కాదు, అరటికాయను నల్లబరుస్తుంది. కత్తికి ఒక కొసన గుండ్రటి రంధ్రం, రెండో కొసన కోలగా ఉండే రంధ్రం పెట్టండి. పలక ఉబ్బినప్పుడు మర జరగడానికి చోటుంటుంది, చెక్క చీలదు. కాయను పట్టుకోవడానికి చెక్క పిడి తప్పనిసరి, అది లేకుండా పిల్లల చేతికి ఇవ్వకండి.

నెలవంకల పలక ఒక్కటే దొరికితే దానికీ మార్గం ఉంది. 20 మిల్లీమీటర్ల మందం పలకను అంతే వెడల్పు గల ఐదు బద్దలుగా పొడవునా కోసి, ఒక్కోదాన్ని పక్కకు తిప్పి అతికిస్తే వలయాలు నిలువుగా నిలుస్తాయి. నా మామిడి పలకను ఇప్పుడు అలాగే కోస్తున్నాను.