ఎడ్మంటన్ నదీలోయ పార్కులు: ఎనిమిదేళ్లు నడిచాక నా మాట

కెనడాలోని ఎడ్మంటన్‌కి వచ్చిన కొత్తలో మ్యాప్ చూసి, ఇరవైకి పైగా పార్కులున్నాయి కదా, వారానికొకటి చూసేద్దాం అనుకున్నాం. అది తప్పు పద్ధతని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇవి విడివిడి పార్కులు కావు, నార్త్ సస్కాచెవాన్ నది పొడవునా ఒకదాన్నొకటి అంటుకుని సాగిపోయే అడవి, అందులో 160 కిలోమీటర్లకు పైగా దారులు. కారు ఆపి బెంచీ మీద కూర్చుని వెళ్లిపోతే ఏమీ కనిపించదు. ఒక వంతెన మీద నది దాటి ఇంకో వంతెన మీద తిరిగి రావాలి. నేను ఎక్కువగా డాసన్ వంతెన దాటి, దక్షిణపు ఒడ్డు వెంట నడిచి, తవాటినా వంతెన మీద వెనక్కి వస్తాను. అక్కడ నెత్తి మీద రైలు వెళ్తుంటే కింద మనం నడుస్తాం, పైకప్పు నిండా డేవిడ్ గార్నో బృందం వేసిన బొమ్మలు, వాటికోసమే మా పాప మెల్లగా నడుస్తుంది.

ఈ లోయని పార్కులకే ఉంచమని ఫ్రెడరిక్ టాడ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ 1907లోనే నగరానికి చెప్పాడట. 1915 వరదలో ఒడ్డున ఇళ్లు మునిగాయి కూడా. టాడ్ మాట విన్నందుకు ఈ ఊరంటే నాకు గౌరవం.

చలికాలం మానేయకండి, నాకైతే అదే అసలు సీజన్. మిల్ క్రీక్ అనే వాగు లోయ వైపు దిగితే గాలి కోత తగ్గుతుంది, చిక్‌డీ పిట్టలు దగ్గరికొచ్చేస్తాయి. కాకపోతే బరువైన చల్లగాలి లోయ అడుగున పేరుకుంటుంది కాబట్టి, పైన ఉన్నదానికంటే ఒక పొర ఎక్కువే వేసుకోండి. బూట్లకి మేకుల పట్టీలు తప్పనిసరి, చెక్కమెట్ల మీద ఒకసారి జారి మణికట్టు బెణికింది నాకు. కుక్కని తీసుకెళ్తే పట్టీ వదలొద్దు, కయోట్లు (నక్కల్లాంటి అడవి జంతువులు) ఉంటాయి.

బాధల్లో పెద్దది, దిగినంతా మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మని డౌన్‌టౌన్ దగ్గర 2017లో పెట్టిన ఫ్యూనిక్యులర్‌లో (వాలు మీద పట్టాలపై నడిచే లిఫ్ట్) దించాను, టికెట్ లేదు, బయల్దేరే ముందు ఆ రోజు నడుస్తోందో లేదో చూసుకోండి. ఇంకోటి, పనులకోసం దారి మూసినప్పుడు బోర్డు మొదట్లో పెట్టరు, సరిగ్గా మూసినచోట పెడతారు. పాపని భుజాన వేసుకుని మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచిన రోజు చాలా కోపం వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక్క సాయంత్రం కుదుర్చుకుని ఏదో ఒక వంతెన మీద నిలబడండి. మంచు పలకలు విరిగి స్తంభాలకి తగులుతూ పోతుంటాయి, ఆ చప్పుడు వినడానికి మేం ప్రతి ఏడూ వెళ్తాం.