గోదాం సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌కి ఎక్కించాక: మూడేళ్ల వాడకంలో తేలినవి

విశాఖ పోర్టు సరుకు మీద నడిచే గోదాముల్లో చాలాచోట్ల కనిపించే ఏర్పాటు ఇది: వీబీ6లో (మైక్రోసాఫ్ట్ పాత ప్రోగ్రామింగ్ భాషలో) రాసిన ప్రోగ్రాం, ఏసీ గదిలో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2 అనే డేటాబేస్, కాటా దగ్గర డాట్ మాట్రిక్స్ ప్రింటర్. 40 మంది వాడే, 180 జీబీ డేటా ఉన్న అలాంటి వ్యవస్థనే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ అద్దెకిచ్చే క్లౌడ్ సర్వర్లు) హైదరాబాద్ రీజియన్‌కి మార్చి మూడేళ్లుగా వాడుతున్నాం. మార్చాల్సిందే. ఆ 2008 ఆర్2కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2019 జులై 9తోనే అయిపోయింది. సముద్రపు ఉప్పుగాలికి సర్వర్ బోర్డులు తుప్పు పడతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో, లెక్కలన్నీ ఒకే గదిలో పెట్టుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అయితే డేటాబేస్‌ని మాత్రం పైకి పంపి, ప్రోగ్రాంని ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంచే పని ఎవరూ చేయొద్దు. పాత ప్రోగ్రాంలు ఒక్క స్క్రీన్ తెరవడానికి వందల చిన్న చిన్న క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) పంపుతాయి. స్టాకు లెడ్జర్ స్క్రీన్ 400 క్వెరీలు పంపుతుందనుకోండి. ఆఫీసు లాన్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో) ఒక్కోదానికి అర మిల్లీసెకను పడితే మొత్తం 0.2 సెకన్లు. ఇంటర్నెట్ లైను మీద రానూపోనూ 20 మిల్లీసెకన్లయితే అదే స్క్రీన్‌కి 8 సెకన్లు. ఇంటర్నెట్ స్పీడు పెంచినా ఈ 8 తగ్గదు, ఎందుకంటే అడ్డు బ్యాండ్‌విడ్త్ కాదు, తిరుగుళ్ల సంఖ్య. అందుకే ప్రోగ్రాం, డేటాబేస్ రెండూ ఒకే చోట ఉండాలి. సిబ్బంది రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరపు కంప్యూటర్ తెరని ఇక్కడ తెరిచి) వెళ్లి వాడాలి. ఈ ఒక్క నిర్ణయమే మిగతా పనినంతా తేలిక చేసింది.

ఆ తర్వాతే ముక్కలు విడదీయడం. లారీ బుకింగు, గేట్ పాస్ వెబ్‌కి మార్చాం. ఓడ సరుకు దిగిన రోజున రద్దీ పడేది అక్కడే, ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం, తగ్గడం) పనికొచ్చేదీ అక్కడే. లాగిన్ సెషన్‌ని (ఎవరు లోపల ఉన్నారన్న గుర్తుని) సర్వర్ మెమరీలో ఉంచితే మాత్రం రెండో సర్వర్ రాగానే మనుషులు బయటికి నెట్టబడతారు. దాన్ని రెడిస్ అనే ఉమ్మడి మెమరీ నిల్వలోకి తీసెయ్యాలి. డేటాబేస్ అలా పక్కకి పెరగదు. ఆర్‌డీఎస్‌లో (ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సేవలో) ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే వాడే నకలు) కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఉండాలి, దాని లైసెన్సు బరువు మామూలుది కాదు. నెలాఖరు రిపోర్టులు రాత్రికి జరిపి, లేని ఇండెక్సులు (వెతకడం వేగం చేసే సూచికలు) వేసుకుంటే స్టాండర్డ్ ఎడిషనే సరిపోయింది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గడియారం దగ్గర. ఆర్‌డీఎస్ మామూలుగా యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ కాలమానంలో) ఉంటుంది; భారత కాలమానాన్ని డేటాబేస్ సృష్టించేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మార్చే వీల్లేదు. మరిచిపోతే అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 దాకా తీసిన కాటా చీటీలన్నీ ముందురోజు తేదీతో పడతాయి. మార్చి 31 రాత్రయితే ఏకంగా ముందు ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతాయి. రాత్రి షిఫ్టు ఉన్న చోట ఇది తప్పకుండా పరీక్షించాలి. ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌తో (డేటాబేస్‌లోంచి విండోస్ ఆదేశాలు నడిపే సదుపాయంతో) డీ డ్రైవ్‌లోకి ఫైళ్లు రాసే పాత ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాంలు) కూడా ఆర్‌డీఎస్‌లో నడవవు, సిసాడ్మిన్ (సర్వర్ మీద పూర్తి అధికారం) హక్కు ఇవ్వరు కాబట్టి. వాటిని ముందే వెతికి తీసి బయట చిన్న సర్వీసుగా రాసుకోవాలి.

తెలుగు పేర్ల సంగతి వేరే ఎవరూ చెప్పరు. కళాసీల పేర్లు, లారీ డ్రైవర్ల పేర్లు అను ఫాంట్లలో (పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో) కొట్టి వార్‌చార్ (యూనికోడ్ కాని అక్షరాల) కాలమ్‌లో దాచినవైతే, వెబ్ పేజీలో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాల) కాలమ్ కొత్తగా చేర్చి, అన్ని భాషలకీ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌కి మార్చాలి. ఆ ఫాంట్లలో అక్షరాలు పలికే వరసలో కాక, కంటికి కనిపించే వరసలో ఉంటాయి. కాబట్టి ఒత్తులున్న పేర్లు కన్వర్టర్ తర్వాత మనిషి చూడాల్సిందే.

డేటా తరలింపుకి లెక్క ముందే వేసుకోండి. 180 జీబీ, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్: సుమారు 20 గంటలు. 2008 ఆర్2 స్టాండర్డ్‌లోనే బ్యాకప్ కంప్రెషన్ ఉంది, వాడుకోండి. గురువారం ఫుల్ బ్యాకప్ ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వకి) ఎక్కించి నోరికవరీతో (తర్వాతి బ్యాకప్ కోసం ఇంకా తెరవకుండా ఉంచి) రీస్టోర్ చేయడం, శనివారం రాత్రి పని ఆపి డిఫరెన్షియల్ (ఫుల్ బ్యాకప్ తర్వాత మారినది) మాత్రం పంపడం మంచి పద్ధతి. మధ్యలో పాత సర్వర్‌లో రాత్రిపూట నడిచే జాబు ఇంకో ఫుల్ బ్యాకప్ తీస్తే ఆ డిఫరెన్షియల్ ఇక అతకదు. ఆ జాబుని ఆపాలి, లేదా కాపీ ఓన్లీగా (డిఫరెన్షియల్ వరసని చెడగొట్టని బ్యాకప్‌గా) మార్చాలి. కొత్త వెర్షన్‌లో కంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే అమరిక) మొదట 2008 నాటి 100 దగ్గరే ఉంచండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 నుంచి క్వెరీ అంచనా పద్ధతి మారింది, నిన్నటిదాకా పరిగెత్తిన రిపోర్టు ఒక్కసారిగా కూలబడవచ్చు. క్వెరీ స్టోర్ (క్వెరీల తీరు నమోదు చేసే సదుపాయం) పెట్టి, నెల గమనించి పెంచండి.

కాటాని క్లౌడ్‌కి నేరుగా కలపొద్దు. ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) సీరియల్ పోర్టు నుంచి బరువు చదివి, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచి, లైను ఉన్నప్పుడు పైకి పంపే చిన్న కంప్యూటర్ కాటా గదిలోనే ఉండాలి. చీటీ అక్కడే అచ్చవ్వాలి, అదీ అక్షరాలు మాత్రమే పంపే జెనెరిక్ టెక్స్ట్ డ్రైవర్‌తో. గ్రాఫిక్స్‌గా వెళ్తే ఒక్క చీటీకి లారీ క్యూ గేటు దాటుతుంది. లైను లేనప్పటి బిల్లులకి వేరే సిరీస్ పెట్టండి. జీఎస్‌టీ బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదని గుర్తుంచుకోండి. ఇంటర్నెట్ రెండు కంపెనీలది తీసుకుంటే చాలదు, రెండు తీగలూ ఒకే స్తంభం మీద రాకుండా చూడాలి.

ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్‌టీ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) ఏపీఐని (ప్రోగ్రాం పోర్టల్‌తో మాట్లాడే దారిని) నేరుగా వాడేవాళ్లు సర్వర్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాని) ముందే నమోదు చేయించాలి. ఆటో స్కేలింగ్‌లో కొత్త సర్వర్ కొత్త ఐపీతో వెళ్తే పోర్టల్ తిప్పి పంపుతుంది. అందుకే బయటికి వెళ్లే దారి స్థిర ఐపీ ఉన్న న్యాట్ గేట్‌వే ఒక్కటే. దానికి గంటకీ, జీబీకీ కూడా ఛార్జీ పడుతుంది, బిల్లులో చూసి కంగారు పడొద్దు. ఖర్చు తగ్గించే చోట్లు వేరే ఉన్నాయి: పరీక్ష సర్వర్లు వారానికి 168 గంటలకి బదులు 60 గంటలే నడపండి, పాత స్నాప్‌షాట్లు (డిస్కుల నకళ్లు) తీసెయ్యండి. ఏడబ్ల్యూఎస్‌తో ఏడాది ఒప్పందం మాత్రం మూడు నెలల వాడకం చూశాకే.

బ్యాకప్ రెండో కాపీ ముంబై రీజియన్‌లో ఉంది. కంపెనీ ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ దేశంలోని సర్వర్‌లోనే ఉండాలని కంపెనీల ఖాతాల నియమాలకి 2022లో వచ్చిన సవరణ చెబుతోంది, దానికీ సరిపోయింది. ఆ కాపీని మూడు నెలలకోసారి తెరిచి, ఒక పాత గేట్ పాస్ వెతికి చూస్తాం.