అమెరికా వచ్చే అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్: ఆ 24 గంటల షరతుతోనే అసలు పేచీ

అరవై దాటిన అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కొనేది ఇక్కడి కంపెనీల కాంప్రిహెన్సివ్ ప్లానే, అంటే పట్టిక ప్రకారం కాకుండా అసలు బిల్లును బట్టి చెల్లించేది. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ ఎందుకు వద్దో అందరికీ తెలిసిందే. డాక్టర్ విజిట్‌కి ఇంత, స్కాన్‌కి ఇంత అని పట్టికలో ఉన్నదే ఇస్తారు, మిగతా బిల్లు మన నెత్తినే. కాబట్టి ఆ చర్చ ఇక్కడ చేయను. డిడక్టబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం కట్టుకునే మొత్తం) 250 డాలర్లా, 500 డాలర్లా అన్నదీ ఎవరి వీలును బట్టి వారిది. నా కోపమంతా ఒక్క క్లాజు మీద. పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే ఖర్చు ఇస్తామనే "అక్యూట్ ఆన్‌సెట్" క్లాజు అది.

అమ్మే వెబ్‌సైట్లలో దాని పక్కన పచ్చ టిక్కు ఉంటుంది. బీపీ, షుగర్ ఉన్న తల్లిదండ్రులకు పాలసీ కొనే వాళ్ళు ఆ టిక్కు చూసే డబ్బు కడతారు. పాలసీ పత్రంలో దాని నిర్వచనం చదివితే లెక్క మారిపోతుంది. జబ్బు ముందస్తు సూచన లేకుండా విరుచుకుపడాలి, త్వరత్వరగా ముదరాలి, వెంటనే వైద్యం అవసరమవ్వాలి, మొదలైన 24 గంటల్లోపు చికిత్సకు వెళ్ళి ఉండాలి. మెల్లగా ముదిరినదైతే లేదు. ముందే తెలిసిన, అవసరమని డాక్టర్ చెప్పిన చికిత్సకైతే అసలే లేదు. వయసు పరిమితి కొన్నిటిలో 70, కొన్నిటిలో 80. గుండె, పక్షవాతం కేసులకు మొత్తం కవరేజి కాకుండా విడిగా చాలా తక్కువ పరిమితి పెట్టే ప్లాన్లున్నాయి. బయల్దేరే ముందు కొన్ని వారాల్లో మందు డోసు మారితే ఈ సదుపాయమే వర్తించదనేవీ ఉన్నాయి. ఇవేవీ పోలిక పట్టికలో కనపడవు. పూర్తి పాలసీ పీడీఎఫ్‌లో డెఫినిషన్స్, ఎక్స్‌క్లూజన్స్ భాగాలు తెరిచి చూడాల్సిందే.

ఇంతవరకు చదివినా తెలియనిది ఇంకొకటుంది. 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తేల్చేది మనం కాదు, ఈఆర్ (ఆసుపత్రి అత్యవసర విభాగం) చార్టు. నాన్నగారి క్లెయిమ్ అక్కడే పడిపోయింది. బీపీ చాలా ఏళ్ళుగా ఉంది, ఒక్క మాత్రతో అదుపులో ఉంది. తెల్లవారుజామున ఛాతీ నొప్పి మొదలైంది, రెండు గంటల్లోపే ఈఆర్‌కి చేరారు. ఈసీజీ తీశారు, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే రక్త పరీక్ష) చూశారు, రాత్రికి ఉంచుకుని మర్నాడు పంపారు. వైద్యంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే నర్సు "ఎప్పటి నుంచి బాగాలేదు" అని అడిగినప్పుడు ఆయన ప్రయాణ బడలికతో మొదలుపెట్టి చెప్పారు. మూడు రోజులుగా నీరసం, నిద్ర పట్టడం లేదు, ఈరోజు పొద్దున నొప్పి వచ్చింది అన్నారు. చార్టులో అదంతా కలిసిపోయి "మూడు రోజులుగా ఛాతీలో ఇబ్బంది" అన్న ఒకే వాక్యమైంది. ఆరు వారాల తర్వాత వచ్చిన తిరస్కరణ లేఖలో ఆ వాక్యమే ఉంది. 24 గంటలు దాటింది, పాత జబ్బు, చెల్లించం. రక్త పరీక్ష ఏం చెప్పింది, ఎంత వేగంగా ఆసుపత్రికి చేరారు అన్నవాటి ఊసే లేదు.

దీన్ని సరిచేయించే దారి ఉంది, కానీ ఓపిక కావాలి. హిపా అనే అమెరికా వైద్య సమాచార చట్టం కింద తన వైద్య రికార్డులో తప్పుంటే సవరించమని అడిగే హక్కు రోగికి ఉంది. ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగం దగ్గర దానికో ఫారం ఉంటుంది. 60 రోజుల్లో జవాబివ్వాలి, కారణం రాసి చెప్పి ఇంకో 30 రోజులు తీసుకోవచ్చు. పాత వాక్యాన్ని చెరిపేయరు, దాని కింద అడెండం, అంటే సవరణ వివరణ చేరుస్తారు. ఆ అడెండం, ఈఆర్ డాక్టర్ దగ్గర నొప్పి మొదలైన సమయం రాయించుకున్న చిన్న ఉత్తరం, ట్రయాజ్ (ఈఆర్‌కి రాగానే నర్సు చేసే మొదటి పరిశీలన) సమయం ఉన్న పేజీ, ఇండియాలో చూసే డాక్టర్ ఇచ్చిన పాత రికార్డులు కలిపి అప్పీల్ పంపితే ఆసుపత్రి బిల్లు వరకు ఒప్పుకున్నారు. డిశ్చార్జి తర్వాత కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళిన విజిట్‌ను మాత్రం పాత జబ్బు ఫాలో‌అప్ కింద కొట్టేశారు. అది పాలసీలో రాసి ఉన్నదే, దాని మీద నాకు పేచీ లేదు. అడెండం కోసం ఎదురుచూస్తుంటే అప్పీల్ గడువు దాటిపోయే ప్రమాదముంది. గడువు తిరస్కరణ లేఖలోనే ఉంటుంది. అప్పీల్ ముందే పంపేసి, రికార్డు సవరణ దారిలో ఉందని అందులో రాయాలి.

కాబట్టి ఈఆర్‌లో పెద్దవాళ్ళ పక్కన ఉన్నవారు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. వచ్చిన పని మీదే మొదటి వాక్యం ఉండాలి: నొప్పి ఇన్ని గంటలకు మొదలైంది. నీరసం, నిద్రలేమి దాచమని కాదు, డాక్టర్‌కి అన్నీ చెప్పాలి. కానీ వాటిని విడిగా, వాటి తేదీతో చెప్పాలి. ఇంగ్లిష్ రాని వారికి ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వమని అడగొచ్చు, పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతారు. ఇంటికి రాగానే పేషెంట్ పోర్టల్లో ట్రయాజ్ నోట్ చదవండి. తప్పు ఆ వారంలోనే చెబితే చూసిన డాక్టరుకే గుర్తుంటుంది.

ఇంకో చోట కూడా దెబ్బ తగిలింది. చాలా పాలసీల్లో ఈఆర్‌కి వెళ్తే మామూలు డిడక్టబుల్ కాక అదనంగా 200 డాలర్ల దాకా ఉంటుంది, అడ్మిట్ అయితే అది మాఫీ. రాత్రంతా మంచం మీద ఉంచినా ఆసుపత్రి "అబ్జర్వేషన్" అని రాస్తే అది ఔట్‌పేషెంట్ కిందే లెక్క, మాఫీ రాదు.

నెట్‌వర్క్ ఆసుపత్రి నేరుగా కంపెనీకే బిల్లు పంపుతుందని ఈ ప్లాన్‌ని చాలామందికి మెచ్చుకుని చెప్పాను. ఆసుపత్రి వరకు ఇప్పటికీ అది నిజమే. కానీ ఈఆర్ డాక్టర్ల గ్రూపు, ఎక్స్‌రే చదివిన రేడియాలజిస్టు, ల్యాబ్, అంబులెన్స్ విడివిడిగా పంపిస్తారు. వాళ్ళలో కొందరి దగ్గర ఇన్సూరెన్స్ వివరాలే ఉండవు, సెల్ఫ్‌పే, అంటే రోగే కట్టుకోవాలి అని ఆ బిల్లులు మన ఇంటికే వస్తాయి. రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న పేయర్ ఐడీ (బిల్లు ఏ కంపెనీకి పంపాలో చెప్పే నంబరు), క్లెయిమ్స్ చిరునామా చూపించి ఎక్కించమనడం ఒక జాగ్రత్త. ఇంటికొచ్చిన ప్రతి బిల్లుకూ దేనికెంతో విడివిడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లు, బిల్లింగ్ ఫారం (ఆసుపత్రిదైతే యూబీ-04, డాక్టర్లదైతే సీఎంఎస్-1500) అడిగి క్లెయిమ్ ఫారంతో, పాస్‌పోర్టు కాపీతో, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) ప్రింటుతో మనమే పంపుకోవడం ఇంకో జాగ్రత్త. గడువు పాలసీని బట్టి మారుతుంది. అమ్మానాన్నలు తిరిగి వెళ్ళాక వచ్చే బిల్లులే ఎక్కువ. క్లెయిమ్ విషయంలో మీతో మాట్లాడొచ్చని వాళ్ళు ఉండగానే అనుమతి పత్రం మీద సంతకం చేయించి పంపండి. లేకపోతే కస్టమర్ కేర్ మీకు నోరు విప్పదు.

క్లెయిమ్ ఎటూ తేలక బిల్లు నెత్తి మీద ఉంటే, లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ పాలసీ ఉండాలన్నది అమెరికా పన్ను చట్టం. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. విజిటర్లకు ఇస్తారా అన్నది ఆ ఆసుపత్రి నియమాలను బట్టి ఉంటుంది, అయినా అడగడంలో తప్పులేదు.

ఈ ప్లాన్‌లో నాకు ఎంతో నచ్చింది చిన్న జబ్బులకు అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే క్లినిక్. మా పాలసీలో డిడక్టబుల్‌తో పని లేకుండా కొద్దిపాటి కోపే (విజిట్‌కి మనం కట్టే స్థిర మొత్తం) కడితే చాలు. జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, బెణికిన చీలమండ, అన్నీ అక్కడే అయిపోయాయి. ఏ పేచీ రాలేదు. కొత్త జబ్బులకు ఈ పాలసీ చెప్పినట్టే నడుస్తుంది. పాత జబ్బు నీడ పడ్డప్పుడే చిక్కు.

మరి ఇండియా కంపెనీ పాలసీయే కొనొచ్చు కదా అంటారు. ప్రీమియం తక్కువే. అరవై దాటినవారికి గది, ఐసీయూ, సర్జన్ ఫీజుకు విడివిడి పరిమితులు పెడతారు. ఇక్కడి బిల్లుకు అవి ఏ మూలకూ చాలవు. పాత జబ్బుకు చాలావాటిలో ప్రాణాపాయమైతేనే, అదీ కొంతవరకే. అయితే వాటికో బలముంది. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, తెలుగు రాష్ట్రాలకు హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది, రుసుము లేదు. అమెరికా ప్లాన్ కొన్నవారికి ఆ దారి లేదు.

మా పరిస్థితికి, అంటే డెబ్బై లోపు వయసు, మాత్రతో అదుపులో ఉన్న బీపీ, ఆరు నెలల లోపు బస, పక్కన ఇంగ్లిష్‌లో ఫోన్లు చేసే పిల్లలు ఉన్న ఇంటికి, మళ్ళీ ఇదే కొంటాం. ఆరు నెలల మాత్రలు తెచ్చుకోవాలి, రోజువారీ మందులకు ఏ విజిటర్ ప్లానూ పనికిరాదు. జబ్బు ఎప్పుడు బయటపడింది, ఏ మందు, ఎంత డోసు, చివరిసారి డోసు ఎప్పుడు మారింది అని ఇండియా డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాయించిన ఒక పేజీ కూడా వెంట ఉండాలి. కంపెనీ పాత రికార్డులు అడిగి నెలలు సాగదీసేది ఆ పేజీ లేకే. స్టెంట్ పడినవారికో, ఎనభై దగ్గర పడినవారికో దీన్ని చెప్పలేను. పాత జబ్బుకు కూడా కొంత కవరేజి ఇచ్చే ప్లాన్లు వేరే ఉన్నాయి. ప్రీమియం బాగా ఎక్కువ, కొన్నిటిలో కనీసం 90 రోజులకు కొనాలి. అవి మేం వాడలేదు.