తక్కువ ఖర్చులో హామ్‌స్టర్‌కు ఇల్లు: ప్లాస్టిక్ స్టోరేజ్ పెట్టె వాడి చూశాక

దుప్పట్లు దాచుకోవడానికి అమ్మే పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ పెట్టెకు కిటికీలు కోసి, ఇనుప జాలీ బిగిస్తే ఎలుకలాంటి బుల్లి పెంపుడు జంతువు హామ్‌స్టర్‌కు చక్కటి ఇల్లు తయారవుతుంది. పెంపుడు జంతువుల దుకాణంలో అదే డబ్బుకు దొరికే కేజ్‌లను చాలానే చూశాను. వాటిలో ఒక్కటీ దీనికి సాటి రాలేదు. మా పసిడి ఇప్పుడు ఇందులోనే ఉంటోంది. ఇలాంటి పెట్టె కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం దీని మంచీ చెడూ రాస్తున్నాను.

పసిడి సిరియన్ హామ్‌స్టర్, ఆడది. మా అక్కావాళ్లు ఇల్లు మారుతూ దాన్ని మాకిచ్చారు. దాంతోపాటే కేజ్ కూడా వచ్చింది. రంగురంగుల ఊచలు, మూడు అంతస్తులు, వాటి మధ్య ప్లాస్టిక్ గొట్టాలు, ఓ బుల్లి చక్రం. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే మాత్రం అడుగు భాగం 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, అంటే 1,350 చదరపు సెంటీమీటర్లు. కింది ట్రే లోతు ఆరేడు సెంటీమీటర్లే. హామ్‌స్టర్ తవ్వుకోవడానికి, పడుకోవడానికి పోసే పొట్టు అంతకంటే ఎక్కువైతే ఊచల సందుల్లోంచి బయటికి రాలిపోయేది. చీకటి పడితే చాలు, పసిడి ఊచలు పట్టుకుని కొరకడం మొదలుపెట్టేది. ముక్కు మీద బొచ్చు ఊడి ఎర్రగా అయింది. చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఊచలు కొరికేది పళ్లు అరగదీసుకోవడానికని చాలామంది అంటారు. అదొక్కటే అయితే చోటు పెరిగినంత మాత్రాన కొరకడం తగ్గకూడదు. స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు సిరియన్ హామ్‌స్టర్లను 1,800, 2,500, 5,000, 10,000 చదరపు సెంటీమీటర్ల కేజ్‌లలో ఉంచి చూశారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం అన్ని కేజ్‌లలోనూ కొరకడం ఉంది. కానీ చిన్న వాటిలో ఉన్నవి మరింత తరచుగా, మరింత సేపు కొరికాయి. అంతకుముందు 2006లో అక్కడివాళ్లే పొట్టు లోతు మీద ఇంకో అధ్యయనం చేశారు. 10, 40, 80 సెంటీమీటర్ల లోతుల్లో, 10 సెంటీమీటర్లే ఉన్నవి అన్నిటికన్నా ఎక్కువగా ఊచలు కొరికాయి. సిరియాలో అలెప్పో చుట్టుపక్కల పొలాల్లో ఈ జంతువుల బొరియలు తవ్వి కొలిస్తే సగటు లోతు 65 సెంటీమీటర్లు వచ్చింది. కొన్నయితే మీటరు దాటాయి. అలాంటి జీవికి ఆరేడు సెంటీమీటర్ల ట్రే ఏ మూలకు?

అందుకే కేజ్ ఎంచుకునేటప్పుడు నేను రెండే చూస్తాను: ఒకే అంతస్తులో అడుగు వైశాల్యం, పొట్టు పోయడానికి లోతు. అంతస్తులన్నీ కలిపి లెక్కగట్టి ‘విశాలం’ అని రాస్తే నమ్మకండి. హామ్‌స్టర్‌కు చూపు తక్కువ, ఎత్తు అంచనా తెలియదు. పై అంతస్తు నుంచి పడితే కాలు విరగొచ్చు. జర్మనీలో జంతు సంరక్షణ కోసం పనిచేసే పశువైద్యుల సంఘం టీవీటీ కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలంటుంది. ఆ కొలతలతో రెడీమేడ్ కేజ్ కొనాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. స్టోరేజ్ పెట్టె అక్కరకొచ్చేది అక్కడే.

పెట్టె మీద రాసిన లీటర్లు చూసి కొనేయకండి. ఒకదానిలో ఒకటి పేర్చడానికి వీలుగా ఈ పెట్టెలు కిందికి పోయేకొద్దీ ఇరుకవుతాయి. టేపు లోపలికి దించి అడుగు కొలవాల్సిందే. మాది పై అంచు దగ్గర మీటరు పైచిలుకు ఉంది. అడుగున 92 × 48 మాత్రమే, అంటే 4,416 చదరపు సెంటీమీటర్లు. టీవీటీ కొలతకు కాస్త తక్కువ. పొట్టు పోశాక పైన తిరిగే చోటు కొంత పెరుగుతుంది. అయినా ఇంకాస్త పెద్దది దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. లోపలి ఎత్తు 45 ఉంది, ఇంతకంటే తక్కువైతే కష్టం.

ఇంకో సంగతి, పెట్టె అడుగున త్రికోణం గుర్తులో 5 అంకె ఉందేమో చూడండి. అది పాలీప్రొపిలీన్, కొంచెం వంగుతుంది, కోస్తే తట్టుకుంటుంది. అద్దంలా తళతళలాడే గట్టి పెట్టెలు చూపుకు బాగుంటాయి గానీ, బ్లేడు పెట్టగానే పగుళ్లిచ్చే రకం వాటిలో చాలా ఉంటాయి.

కోత పని మా తమ్ముడు చేశాడు. కిటికీ నాలుగు మూలలా ముందు డ్రిల్‌తో రంధ్రాలు వేసి, వాటి మధ్య మెల్లగా హాక్సా బ్లేడుతో కోశాడు. అలా చేస్తే మూలల దగ్గర చీలదు. మూతకు ఒకే పెద్ద కిటికీ పెడితే మధ్యలో కుంగిపోతుంది కాబట్టి రెండు పెట్టి నడుమ ఒక పట్టీ వదిలాడు. గాలి అటూ ఇటూ ఆడాలని ముందువైపు పై సగంలో ఇంకొకటి. ఇది పొట్టు మట్టానికి పైన ఉండాలి. జాలీని లోపలి వైపు నుంచి బిగించాం, కోసిన ప్లాస్టిక్ అంచు పళ్లకు అందకుండా. జాలీ కొసలు గుచ్చుకోకుండా బయటికి మడిచి, నట్లూ బోల్ట్‌లూ వెడల్పాటి వాషర్లూ వేశాడు. నైలాన్ జాలీ, ప్లాస్టిక్ టైలు వద్దు, రాత్రికి రాత్రే కొరికేస్తుంది. నున్నటి ప్లాస్టిక్ గోడను మాత్రం కొరకలేదు, పంటికి పట్టు దొరకదు.

పొట్టు విషయం కాస్త వివరంగా చెప్పాలి, అసలు ఖర్చు ఇక్కడే మొదలవుతుంది. ఒక పక్క 25 సెంటీమీటర్లు, రెండో పక్క 10, ఇలా వాలుగా పోశాం. లెక్క వేస్తే దాదాపు 77 లీటర్లు. ఒక్కసారిగా ఇంత కొనాలంటే గుండె గుభేలుమంటుంది. కానీ దీన్ని తరచుగా మొత్తం మార్చే పనిలేదు, మార్చకూడదు కూడా. హామ్‌స్టర్ తన వాసనతోనే తన ఇంటిని గుర్తుపడుతుంది. మూత్రం పోసే మూల నుంచి తడి పొట్టు తీసేసి, అంత కొత్తది వేస్తే సరిపోతుంది. చిన్న కేజ్‌లో పొట్టు త్వరగా కంపు కొట్టి ఊరికే పారబోయాల్సి వచ్చేది. కాగితపు బెడ్డింగ్ గానీ ఆస్పెన్ అనే చెట్టు చెక్క తురుము గానీ వాడండి. దేవదారు, పైన్ తురుములోని ఘాటు వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు. గూడు కోసమని అమ్మే దూదిలాంటి మెత్తటి పీచును అసలు ముట్టకండి. కాళ్లకు చుట్టుకుంటుంది, మింగితే పేగులకు అడ్డం పడుతుంది. రంగూ వాసనా లేని టిష్యూ పేపరు చింపి పడేస్తే పసిడే మోసుకుపోతుంది. పొట్టు మధ్యలో ఎండుగడ్డి పొరలు వేస్తే సొరంగాలు కూలిపోకుండా నిలబడతాయి.

చక్రం దగ్గర మాత్రం పొదుపు వద్దు. సిరియన్‌కు 28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది, పరిగెత్తే చోట ఖాళీలు లేనిది తీసుకోండి. పరిగెడుతున్నప్పుడు వీపు వెనక్కి వంగుతోందంటే అది చిన్నదని అర్థం. పాత కేజ్‌లోని బుల్లి చక్రం నిచ్చెనలా కడ్డీలతో ఉండేది, దాన్ని తీసేశాం. కొత్తదాన్ని పొట్టు తక్కువున్న పక్క, అడుగుదాకా కాళ్లున్న చెక్క పీట మీద పెట్టాం. నేరుగా పొట్టు మీద పెడితే బరువుకు కింద సొరంగం కూలి పసిడి ఇరుక్కుపోవచ్చు. మిగతా సామానుకు పెద్దగా డబ్బు అక్కర్లేదు. దాక్కోవడానికి టేపు పీకేసిన అట్టపెట్టె, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి వెడల్పాటి గిన్నెలో కడిగి ఆరబెట్టిన ఇసుక. పౌడరులా మెత్తగా ఉండే ‘డస్ట్’ రకం వద్దు, అది ఊపిరిలోకి పోతుంది.

పెట్టెలో లోపాలూ ఉన్నాయి. గోడలు మసకగా ఉండటంతో పసిడి సరిగ్గా కనబడదు, ముందు కిటికీలోంచో పైనుంచో చూడాలి. కాగితపు దుమ్ము గోడలకు అతుక్కుంటుంది. నిండా పొట్టు పోశాక జరపడానికి ఇద్దరు కావాలి. కాబట్టి ఎండ తగలని, టీవీకి దూరంగా ఉన్న చోటు ముందే చూసుకుని అక్కడే నింపండి. పరికరాలు లేనివాళ్లకు కోత పని ఇబ్బందే.

పసిడి ముక్కు మీద బొచ్చు మళ్లీ వచ్చింది. ఊచలే లేవు కదా, కొరకడం ఆగడంలో వింతేముంది అనొచ్చు. ఇరుకుగా అనిపించిన హామ్‌స్టర్ పెట్టెలోనైనా మూలలు గీరుతూ, పైకి ఎగబాకుతూనే ఉంటుంది. ఇది ఆ పని చేయడం లేదు. సాయంత్రం లేచి బుగ్గలనిండా గింజలు కుక్కుకుని, లోతున్న పక్క సొరంగంలోకి దిగిపోతోంది.

కోత పని వద్దనుకుంటే పాత అక్వేరియం కోసం అడిగి చూడండి. నీళ్లు కారుతున్నాయని తక్కువకు ఇచ్చేసేది మనకు బాగానే పనికొస్తుంది. గాజు పగుళ్లు లేకుండా, అడుగు 100 × 50కి దగ్గరగా ఉంటే చాలు, జాలీ మూత ఒక్కటి చేసుకోవాలి. బరువు మాత్రం చాలా ఎక్కువ. రోబొరోవ్‌స్కీ లాంటి మరుగుజ్జు రకాలకు జాలీ కన్ను ఆరు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. రెండు సిరియన్‌లు ఉంటే రెండు పెట్టెలు కావాలి. పెద్దయ్యాక అవి ఒకే చోట ఉండవు, ప్రాణాల మీదికి వచ్చేలా కొట్టుకుంటాయి.