ఉల్లిగడ్డల లెక్క, మహబూబ్‌నగర్ లాడ్జి

మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగేవాళ్ళకు ముందే ఒక మాట. ఏ టైముకు ఖాళీ చేయాలో రసీదు మీద రాయించుకోండి, నోటిమాట నమ్మకండి. మేము నమ్మి 800 రూపాయలు పోగొట్టుకున్నాం. నా బాధ ఆ డబ్బు గురించి కాదు, ఆ లాడ్జి వల్ల పోయింది వేరే ఉంది.

మా తాత నేవీలో స్టోర్స్‌లో పనిచేశాడు, 1971 యుద్ధమప్పుడు విశాఖపట్నంలో ఉన్నాడు. దేవరకొండ దగ్గర మా ఊళ్ళో ఎవరైనా "యుద్ధంల తుపాకీ పట్టినవా?" అని అడిగితే "ఉల్లిగడ్డలు లెక్కపెట్టిన" అనేవాడట. ఆయన నవ్వేవాడు కాదు కానీ విన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. మా నాయినను బడిలో "ఉల్లిగడ్డల మిలిట్రీ కొడుకు" అని పిలిచేవాళ్ళు, యాభై ఏళ్ళు దాటినా ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆయన మొహం మారిపోతుంది.

నిరుడు పాత గూనపెంకుల ఇల్లు విప్పుతుంటే తాత సందూకులో సంగ్రామ్ మెడల్, అంటే 1971 యుద్ధమప్పుడు పనిచేసినవాళ్ళకు ఇచ్చిన పతకం, దొరికింది. అంచు మీద పేరు, సర్వీసు నంబరు చెక్కి ఉన్నాయి. దాంతోపాటు ఒక ఫొటో, తాత పక్కన ఇంకో కుర్రాడు, వెనకాల అతని పేరు, మహబూబ్‌నగర్ దగ్గర ఊరి పేరు.

నంబరు పట్టుకుని ముందు ఒక ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా తలెత్తకుండానే "పెన్షన్ తీసుకునే మనిషే లేడు, ఈ కాగితాలు ఏం చేసుకుంటరు?" అన్నాడు. నాయిన అప్పుడే వెనక్కి తిరిగిపోదామన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న ఒక రిటైర్డ్ హవల్దారు మాకు దారి చూపించాడు. నావికుల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంపులో, బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. సర్వీసు నంబరు, మరణ ధ్రువపత్రం, వారసుడినని చూపే కాగితం జత చేసి, సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి నాయిన పేరు మీదే రాశాం, స్పీడ్ పోస్టుతో కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. మనవరాలిగా నేను రాసేకన్నా కొడుకుగా ఆయన రాయడమే మంచిదని చెప్పింది కూడా ఆ హవల్దారే. పదకొండు వారాలకు జవాబొచ్చింది. చేరిన తేదీ, బ్రాంచి, పనిచేసిన చోట్లు ఉన్నాయి. 1971లో ఐఎన్ఎస్ సర్కార్స్, అంటే విశాఖ నావికా స్థావరం. ఒక్క కాగితమే, కానీ నాయిన దాన్ని లామినేషన్ చేయించాడు.

ఫొటోలో ఉన్న మనిషి బతికే ఉన్నాడని తెలియగానే నాయిన, చిన్నాయన, నేను బయల్దేరాం. దేవరకొండ నుంచి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సు. నాకు జీరో టికెట్, వాళ్ళిద్దరికీ చెరి 180. కల్వకుర్తిలో దిగి తిన్న జొన్నరొట్టెలు, నాటుకోడి కూర మాత్రం ఈ దారిలో పోయేవాళ్ళు వదలొద్దు, ముగ్గురికి 420 అయింది, రొట్టె పెనం మీది నుంచి నేరుగా కంచంలోకి వచ్చింది. చిన్నాయన ఆ పూటంతా హుషారుగా ఉన్నాడు.

సాయంత్రం ఫొటోలోని పెద్దాయనకు ఆసుపత్రి పని ఉందని పొద్దున రమ్మన్నారు కాబట్టి లాడ్జి తప్పలేదు. ఫోన్లో 1,200 అన్న రూము కౌంటర్ దగ్గర 1,600 అయింది, అదనపు పరుపుకు 300. ఏసీ రిమోట్ అడిగితే బ్యాటరీలు లేవన్నాడు, దుప్పటి తడితడిగా ఉంది, తెల్లవారుజామున అయిదింటికి నీళ్ళు బంద్. బకెట్ వేడినీళ్ళకు 40 తీసుకున్నారు. ఇవన్నీ సర్దుకున్నాం. ఇరవై నాలుగు గంటల లెక్క, రేపు సాయంత్రం ఆరింటి వరకు మీదే రూము అన్నాడు, అందుకే సామాను అక్కడే పెట్టి పెద్దాయన ఇంటికి పోయాం.

ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. లామినేషన్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. వాళ్ళ కోడలు సర్వపిండి పెట్టింది, మా దిక్కు తపాలచెక్క అంటాం, ఇంత పల్చగా మాత్రం మేము చేయం. తిన్నాక ఆయన మొదలుపెట్టాడు. "ఓడ సముద్రంలకు పోయిందంటే మళ్ల దుకాణం ఉండదు బిడ్డా. బియ్యం, పప్పు, నూనె, మంచినీళ్ళు అన్నీ మనిషికింత అని లెక్కగట్టి ఎక్కియ్యాలె. ఆకుకూర మూడు రోజులకు కుళ్ళుతది, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఆగుతయి. మీ తాత లెక్క తప్పెటోడు కాదు." నవంబరులో రేవులో ఉన్న ఓడలకు సరిపోయేదానికంటే ఎన్నో రెట్లు కూరగాయలు, మాంసం రావడం మొదలైందట. ఎవరికని అడిగితే పైవాళ్ళు రాసుకోమన్నారంతే. "విక్రాంత్ లేదు, విక్రాంత్ తిండి మాత్రం వస్తున్నది."

విక్రాంత్ అంటే వెయ్యి మందికి పైగా మనుషులుండే విమానవాహక నౌక. బాయిలర్లో పగుళ్ళు వచ్చి వేగం పడిపోయిన ఆ ఓడను అండమాన్ దీవుల్లో పోర్ట్ కార్న్‌వాలిస్ దగ్గర దాచారు. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. ఓడ విశాఖలోనే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు, కాంట్రాక్టర్ల దగ్గర పెద్ద ఎత్తున రేషన్ కొనిపించారు, వాళ్ళ ద్వారా మాట బయటికి పోవాలనే. ఆయన తర్వాత స్వయంగా ఇదంతా రాశారు. ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి, తెల్లవారితే 4, విశాఖ రేవు బయటే 93 మందితో మునిగిపోయింది. ఎలా మునిగిందనే దాని మీద రెండు దేశాలు చెప్పేది వేరు వేరు. అదే డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడి చేశాయి.

పెద్దాయన గొంతు తగ్గించి, "ఒకనాడు రాత్రి గోదాం కాడ మీ తాత నాతోని ఏమన్నడంటే" అని ముందుకు వంగాడు. అప్పుడు మోగింది ఫోను. లాడ్జి నుంచి. తొమ్మిదికే ఖాళీ చేయాలి, పదిన్నర అయింది, సగం రోజు అద్దె 800 కట్టండి లేకపోతే సామాను బయట పెడతాం అని. కట్ చేస్తే మళ్ళీ, మళ్ళీ, మూడుసార్లు. చిన్నాయన కోపంగా లేచి పోయాడు, కౌంటర్లో అరిచి, చివరికి కట్టి, రసీదు కూడా లేకుండా వచ్చాడు. ఈలోగా పెద్దాయనకు ఆ మాట తప్పిపోయింది. "ఏం చెప్తున్న బిడ్డా?" అన్నాడు. నేను గుర్తు చేశాను, గోదాం, రాత్రి. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆగి తల అడ్డంగా ఊపాడు. తర్వాత పింఛను సంగతి, మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు జడ్చర్ల దాకా నాయిన ఒక్క మాట మాట్లాడలేదు.

నెల తర్వాత నల్గొండలో జన్మభూమి ఎక్కి విశాఖ పోయాం. ప్రయాణం, 1,500 రూము, భోజనం అన్నీ బాగున్నాయి. బీచ్‌రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం తప్పకుండా చూడండి, సోమవారం మాత్రం మూసి ఉంటుంది. లోపల ఇరుకు వంటగది దగ్గర నాయిన ఆగిపోయి, ఇంతమందికి సరుకు ఎక్కడ పెట్టేవాళ్ళని గైడును అడిగాడు. వెనక జనం తోస్తున్నా కదల్లేదు. సాయంత్రం 1971 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర మెడల్ జేబులోంచి తీసి గట్టు మీద పెట్టి, చిన్నాయనతో "ఊళ్ళో ఫ్లెక్సీ కట్టిద్దాం, ఉల్లిగడ్డలు అనే రాయిద్దాం" అన్నాడు.

దసరా తర్వాత మళ్ళీ మహబూబ్‌నగర్ పోతున్నాం. పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రానికి తిరిగొస్తాం, లాడ్జి వద్దు. వాళ్ళ కోడలు ఫోన్ చేసి, ఈ మధ్య ఆయన రాత్రిపూట గోదాం, గోదాం అంటున్నాడని చెప్పింది. ఫోన్లు మూడూ ఆఫ్ చేసి కూర్చుంటాం.